కాలవ వైపు పదో పట్టీ

లారీని ఇంకో లారీ మీద ఎక్కించి తీసుకెళ్తామని చెప్పడానికి వచ్చినవాళ్లకి సంపూర్ణమ్మ మంచినీళ్లిచ్చింది, మజ్జిగ ఇచ్చింది, కుర్చీలు తుడిచి వేసింది. మాట మాత్రం ఇవ్వలేదు.

వచ్చినవాళ్లలో ముఖ్యుడు గణేష్‌బాబు. లారీ ఓనర్ల సంఘానికి సెక్రటరీ. పన్నెండు లారీలున్నాయి గానీ ఒక్కదాని స్టీరింగూ పట్టిన పాపాన పోలేదు. సంఘం పెట్టి అరవై ఏళ్లయిందట, తణుకులో పెద్ద ఊరేగింపు చేస్తారట, ఆ ఊరేగింపుకి అన్నిటికన్నా ముందు ఈ చుట్టుపక్కల మిగిలిన అన్నిటికన్నా పాత లారీ ఉండాలట. అంటే తూర్పుపాలెంలో సంపూర్ణమ్మ దొడ్లో రేకుల షెడ్డు కింద ఇటుకల మీద కూర్చున్న అరవై ఆరు మోడల్ బెడ్‌ఫర్డ్.

"మీరు వేలు కదపక్కర్లేదండి. క్రేను, ట్రైలరు మావే. పూలు కట్టి ఊరేగించి, ఆ తర్వాత సంఘం బిల్డింగు ముందు సిమెంటు దిమ్మ కట్టించి దాని మీద పెట్టేస్తామండి. పదికాలాలపాటు ఉంటుంది," అన్నాడు గణేష్‌బాబు.

"దానికేం రోగం వచ్చిందని మోసుకెళ్తారండీ?"

"అదేంటండీ, వెనక కమాను విరిగి పన్నెండేళ్ల నుంచి కదల్లేదు కదండీ."

గణేష్‌బాబు వెంట వచ్చినతను ఫ్లెక్సీ నమూనా విప్పి చూపించాడు. లారీ బొమ్మ, దాని పక్కన గుండ్రంలో ఆవిడ మొగుడు పెద్దిరాజు ఫొటో, కింద 'మన తొలితరం డ్రైవరు' అని పెద్దక్షరాలు. సంపూర్ణమ్మ దాన్ని చాలాసేపు చూసింది. అరుగు మీద కూర్చున్న పెద్దిరాజు కూడా చూశాడు, చూసి, తనకేమీ తెలియదన్నట్టు కర్ర సర్దుకున్నాడు.

"ఈయన నాలుగేళ్లు నడిపారు. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు ఎవరు నడిపారండీ?" అంది సంపూర్ణమ్మ.

గణేష్‌బాబు నవ్వాడు. పెద్దవాళ్లు ఏదో సరదాగా అంటుంటే మర్యాదకి నవ్వే నవ్వు అది. ఆ నవ్వు చూశాక ఆవిడకి ఒళ్లు మండింది. సణుక్కుని ఊరుకునే రకం కాదు సంపూర్ణమ్మ. ఆవిడకి కోపం వస్తే మాట మెల్లగా అయిపోతుంది. ఊళ్లోవాళ్లకి ఆ మెల్లదనం బాగా తెలుసు, గణేష్‌బాబుకి తెలియదు.

"నా బండి ఇంకో బండి ఎక్కదండి. దాని కాళ్ల మీద అది వస్తుంది. నేను నడుపుకుంటూ తెస్తాను."

"ఊరేగింపు ఇంక నలభై రోజులే ఉందండి. అప్పటికి లేవకపోతేనో?"

"లేవకపోతే మీ ట్రైలరు మీదే వేసుకుపొండి. దిమ్మ మీద పెట్టుకుంటారో, తుక్కు కింద కాటా వేసుకుంటారో మీ ఇష్టం. నేను అడ్డం రాను."

వాళ్లు వెళ్లాక పెద్దిరాజు తల పట్టుకున్నాడు. "పూలేసి తీసుకెళ్తామంటే బండినే పందెం కాస్తావా సంపూర్ణా? ఆ కమాను దొరక్కే కదా పన్నెండేళ్లుగా పడుంది?"

"ఏవండీ, మీరు ఆ ఫొటో చూసి మురిసిపోవడం నేను చూళ్లేదనుకోకండి," అంది ఆవిడ.

ఆ లారీకీ ఆవిడకీ ఉన్న సంగతి ఏంటంటే, తొంభై ఒకటో సంవత్సరం చెరుకు సీజన్లో పెద్దిరాజు లోడు మీద మోకు బిగిస్తుంటే మోకు తెగింది. అంత ఎత్తు నుంచి కింద పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. నరికిన చెరుకు చేలో ఎండిపోతోంది. సీజన్లో కిరాయి డ్రైవరు దొరకడమంటే మాటలా? చేలో బండిని ముందుకీ వెనక్కీ జరపడం వరకు సంపూర్ణమ్మకి వచ్చు. ఇరవై ఆరేళ్ల మనిషి, చీర కొంగు బొడ్లో దోపుకుని, లోడు బండిని కాలవ గట్టు మీదుగా తణుకు తోలుకెళ్లింది. ఫ్యాక్టరీ ముందు వరసలో ఉన్న డ్రైవర్లందరూ బళ్లు దిగి వచ్చి మరీ చూశారు. ఆ తర్వాత లైసెన్సుకి వెళ్తే, మగాళ్ల చేత ఒక్కసారి రివర్సు చేయించిన ఇన్‌స్పెక్టరు ఆవిడ చేత మూడుసార్లు చేయించాడు. మూడుసార్లూ గీత మీద నిలబెట్టి, "నాలుగోసారి చెయ్యమంటారా అండీ?" అని అడిగింది. బండి ఆగిపోయిన ఈ పన్నెండేళ్లలో కూడా గడువు తీరిన ప్రతిసారీ వెళ్లి ఆ హెవీ లైసెన్సు కొత్తది చేయించుకుంటూనే ఉంది.

ఇంజనుకి ఢోకా లేదు. వారం వారం స్టార్టు చేస్తూనే ఉంది. టైర్లు, బ్రేకులు, బ్యాటరీ పది రోజుల్లో కుదిరాయి. కుదరనిది కమానే. కమాను కట్ట అంటే ఒకదాని కింద ఒకటి పొడుగు తగ్గిస్తూ పేర్చి బిగించిన ఉక్కు పట్టీలు. అన్నిటికన్నా పైనుండే పొడుగాటి పట్టీకి రెండు చివర్లూ చుట్ట తిరిగి ఉంటాయి, ఛాసిస్‌ని పట్టుకునేవి ఆ చుట్టలే. ఎడమ వైపు పై పట్టీ చుట్ట దగ్గర విరిగిపోయింది. కుడి వైపుది విరగలేదు గానీ వెంట్రుకంత బీట. మిగతా పట్టీలన్నీ తుప్పుకి పొరలు లేచిపోతున్నాయి.

విరిగిన ముక్కని గోనెసంచిలో చుట్టి భుజాన వేసుకుని బస్సెక్కింది. "ఏంటమ్మా అది, గునపమా?" అన్నాడు కండక్టరు. "కమాను బాబూ. దానికీ టిక్కెట్టు కొట్టు, ఊరికే రాదు అది," అంది.

రాజమండ్రిలో పేరున్న షాపులో "మోడల్ చెప్పండమ్మా" అన్నారు. ఆవిడ సంచి విప్పి ఇనుప ముక్కని కౌంటరు మీద పెట్టింది. "ఇదేనండి మోడలు." టేపు తెచ్చి కొలిచారు. ఇప్పటి బళ్ల పట్టీల్లో ఒకటి వెడల్పు సరిపోయింది, పొడుగు నాలుగు వేళ్లు తగ్గింది. ఇంకోటి పొడుగు సరిపోయింది, చుట్టలో దూర్చే బుష్ గొట్టం పట్టలేదు. "ఇంత పాత బండికి అచ్చంగా అలాంటిదే కావాలంటే ఎక్కడొస్తుందండీ? ఛాసిస్ మీద బ్రాకెట్టు జరిపి వెల్డింగు కొట్టించుకోండి, సరిపెట్టెయ్యొచ్చు," అన్నాడు షాపతను.

"కమానుకి సరిపోయేలా బండిని కొయ్యాలా? బాగుందండి. బండి నాదా, మీ కమానుదా?"

ఏలూరు తిరిగింది, తాడేపల్లిగూడెం తిరిగింది, రావులపాలెం పాత ఇనుము దుకాణాల్లో చీర మసి చేసుకుని గుట్టలు గుట్టలు వెతికింది. కాళ్లరిగేలా తిరిగినా ఎక్కడా దొరకలేదు. ఒకాయన ఫోన్లో చూసి విదేశంలో ఉందన్నాడు, చూస్తే అది బెడ్‌ఫర్డ్ పేరున్న ఇంకేదో చిన్న వ్యాను. నలభై రోజుల్లో ఇరవై రెండు అయిపోయాయి. ఆ సాయంత్రం బస్టాండు బల్ల మీద కూర్చుని, గోనెసంచి ఒళ్లో పెట్టుకుని, జీవితంలో మొదటిసారి తను ఓడిపోతుందేమో అనుకుంది. భయం కాదు అది, అవమానం. దిమ్మ మీద నిలబెట్టిన బండి, పక్కన మొగుడి బొమ్మ. ఆ దారిలో వెళ్లినప్పుడల్లా దాన్ని చూస్తూ బతకాలి.

అదే బల్ల మీద టీ తాగుతున్న ఒక పామాయిల్ గెలల లారీ డ్రైవరు సంచిలోంచి పైకి కనిపిస్తున్న చుట్ట చూసి, "ఇది బెడ్‌ఫర్డ్‌దండి కదా?" అన్నాడు. జంగారెడ్డిగూడెం అవతల ఒక పొగాకు కాల్చే బ్యారన్ పక్కన అచ్చం అలాంటి బండి ఉందిట. ఇంజను ఎప్పుడో పీకేసి, తొట్టిలో కట్టెలు పేర్చుకుంటున్నారుట. తెల్లారి మొదటి బస్సుకి సంపూర్ణమ్మ అక్కడుంది.

దాన్ని చూడగానే ఆవిడ చేసిన మొదటి పని, చక్రాల దగ్గర వంగి కిందికి దూరడం. ఆ బండిని ఎవరో బుద్ధిమంతుడు రాళ్ల మీద నిలబెట్టాడు. అందుకని కమాన్ల మీద ఏళ్ల తరబడి బరువు పడలేదు. కింది పట్టీలు ఎందుకూ పనికిరావు గానీ పైవి రెండూ, కుడిదీ ఎడమదీ, చుట్టలతో సహా దిట్టంగా ఉన్నాయి. "ఇదెందుకు పనికొస్తుందమ్మా మీకు?" అని అడిగాడు ఆసామి. "నడవడానికండి," అంది.

పై పట్టీలు దొరికాయి సరే, మిగతావి చేసే మనిషి కావాలి. ఆ మనిషి తణుకు రోడ్డు మీద ఉన్న అబ్రహాము. డెబ్బై ఏళ్లుంటాయి. నలభై అయిదేళ్లుగా కమాన్లు తప్ప ఇంకో పని ముట్టుకోలేదు. లూథరన్ చర్చిలో పెద్ద, ఆదివారం సుత్తి పట్టడు. పట్టీని ఒక చేత్తో వేలాడదీసి సుత్తితో టంగుమని కొట్టి, ఆ మోత విని బీట ఉందో లేదో చెప్పేస్తాడు. ఆవిడ తెచ్చిన రెండు పట్టీలనీ అలాగే కొట్టి విని, "ప్రాణం ఉందమ్మా వీటిలో," అన్నాడు. పాత బస్సుల పట్టీలు అదే వెడల్పువి ఏరి, కొలతకి కోసి, ఎర్రగా కాల్చి వంపు తీసి, నూనెలో ముంచి, వారం రోజుల్లో రెండు కట్టలూ తయారుచేశాడు. నమూనాకి ఉంటాయని ఆవిడ తన పాత కట్టలు రెండూ అతనికే పంపించింది. పొరపాటు అక్కడే జరిగింది.

పాత కట్టల్లో పట్టీలు లెక్కపెడితే కుడి వైపు తొమ్మిది, ఎడమ వైపు పది. అబ్రహాము మొహం చిట్లించాడు. ఎవడో పనిరాని మెకానిక్ కట్టిన కట్ట అనుకున్నాడు. పని తెలిసినవాడు కాబట్టి ఆ తప్పుని సరిదిద్దాడు. రెండు వైపులా తొమ్మిదేసి. ఈ సంగతి ఆవిడకి చెప్పనూ లేదు. చెప్పేంత విషయమని అతననుకోలేదు.

కమాన్లు బిగించి ఇటుకలు లాగేసిన రోజు ఊరు ఊరంతా దొడ్లోకి వచ్చింది. లారీ నిటారుగా నిలబడింది. కొలబద్ద పెట్టి చూసినా వెంట్రుకవాసి తేడా లేదు. "పెళ్లికొడుకులా ఉందే!" అని పెద్దిరాజు కళ్లు తుడుచుకున్నాడు. సంపూర్ణమ్మకి మాత్రం ఎక్కడో కొంచెం తేడాగా అనిపించింది. ఆ బండి ఇంత తిన్నగా నిలబడగా చూసి ఎన్నేళ్లయిందో. అయినా ఆనందంలో అదేంటో వెతుక్కోలేదు.

మర్నాడు పొద్దున్నే సగం లోడు చెరుకు వేసి గట్టు మీదికి తీసింది. ఊరు దాటి రెండో లాకు దగ్గరికి వచ్చేసరికి బండి ఎడమ పక్కకి, కాలవలోకి, వాలిపోతోంది. లోడు మోకులు కిర్రుమంటున్నాయి. ఆపింది. అక్కడ తిప్పుకునే చోటు లేదు. రెండో లాకు నుంచి ఊరిదాకా, ఆ మైలు దూరమూ రివర్సులోనే వచ్చింది. వచ్చి బండి కిందకి దూరి పట్టీలు లెక్కపెట్టింది. అబ్రహాముకి ఫోను చేసింది. మాట చాలా మెల్లగా ఉంది.

అబ్రహాము మధ్యాహ్నానికి వచ్చాడు. "ఆయ్, నేనే తీసేశానండి. ఒక పక్క పది, ఒక పక్క తొమ్మిది ఏంటండీ? ఎవడో తాగి కట్టినట్టున్నాడు."

"నేనే కట్టించానండి. తాగలేదు. తొంభై రెండులో."

"ఎందుకమ్మా?"

"కాలవ వైపు పదుండాలి. వెయ్యండి."

"వెయ్యనమ్మా." అబ్రహాముకీ పౌరుషం వచ్చింది. "నా చేతి మీద వంకర బండి బయటికెళ్లదు. మూడు రోజుల్లో జిల్లా లారీలన్నీ వస్తాయి. అంతమందిలో మీ బండి ఒక పక్కకి ఒరిగి నిలబడితే, ముసలాడికి కళ్లు పోయాయంటారు. నలభై అయిదేళ్ల పేరమ్మా."

"మీ పేరు కోసం నన్ను కాలవలో పడమంటారా?"

"పడదమ్మా. కొలత ప్రకారం కట్టాను."

"అయితే ఎక్కండి," అని ఎడమ వైపు తలుపు తీసి నిలబడింది. కాదనడానికి అబ్రహాముకి మొహం చెల్లలేదు. ఎక్కాడు.

మళ్లీ అదే లోడు, అదే గట్టు. మొదటి లాకు దాకా అబ్రహాము కొలతల గురించి చెబుతూనే ఉన్నాడు. రెండో లాకు దగ్గర కిటికీలోంచి కిందికి చూస్తే రోడ్డు లేదు, గడ్డి లేదు, సరాసరి నీళ్లే. "యేసయ్యా... ఆపండమ్మా, ఆపండి!" అని సీటు పట్టుకుని ఆవిడ వైపు జరిగిపోయాడు.

దిగి, కాసేపు చక్రాలనీ రోడ్డునీ మార్చి మార్చి చూశాడు. జేబులోంచి గుండ్రటి ఇత్తడి బుష్ ఒకటి తీసి రోడ్డు మధ్యలో పెట్టాడు. అది కాసేపు ఆలోచించి, మెల్లగా దొర్లడం మొదలుపెట్టి, గడ్డి దాటి కాలవలో బుడుంగుమంది.

"గట్టు రోడ్డంతా ఇంతేనండి, కాలవ వైపు దిగేసి ఉంటుంది," అంది సంపూర్ణమ్మ. "లోడుతో వెళ్లేటప్పుడు కాలవ ఎడమ పక్క. వచ్చేటప్పుడు ఖాళీ బండి, ఎటొరిగినా భయం లేదు. మొదటి సీజనంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తోలాను. రెండో సీజనుకి ఎడమ వైపు ఒక పట్టీ ఎక్కువ వెయ్యమంటే మెకానిక్కులు పడీ పడీ నవ్వారు. ఆడమనిషికి బండేం తెలుసన్నారు. బోల్టులు విప్పి నేనే పెట్టుకున్నాను. ఇరవై రెండేళ్లలో ఈ గట్టు మీద ఎన్ని బళ్లు కాలవలో పడ్డాయో మీకు తెలుసు. నాది పడలేదు."

అబ్రహాము నీళ్ల వైపే చూస్తున్నాడు. "బళ్లు చూశానమ్మా ఇన్నాళ్లూ. రోడ్డు చూడలేదు," అన్నాడు. తర్వాత ఇంకో మాట లేకుండా పదో పట్టీ కాల్చాడు. ఆ సాయంత్రం బండి దొడ్లో కుడి పక్కకి రవ్వంత ఒరిగి నిలబడితే, అది తన చేతి పనే అని అడగని వాళ్లకి కూడా చెప్పాడు.

ఊరేగింపు రోజు పొద్దున్నే, ఎందుకైనా మంచిదని గణేష్‌బాబు ట్రైలరు పంపించాడు. దాని డ్రైవరు దొడ్లోకి వచ్చి, చెరుకు వేసుకుని బంతిపూలతో సిద్ధంగా ఉన్న బెడ్‌ఫర్డ్‌ని చూసి నోరు వెళ్లబెట్టాడు. పెద్దిరాజుని సంఘం వాళ్లు ముందే కారులో వేదిక దగ్గరికి తీసుకుపోయారు. అబ్రహాము లోడు మీదికెక్కి చెరుకు మోపుల మధ్య కూర్చున్నాడు. కింద కూర్చోమంటే, తన పట్టీ మీద ఎంత బరువు పడితే అంత మంచిదన్నాడు.

గట్టు మీద సగం దారిలో ఎదురుగా స్కూలు బస్సొచ్చింది. వెనక్కి పోవడానికి బస్సుకి వీల్లేదు. సంపూర్ణమ్మ ఎడమ చక్రాలని గడ్డిలోకి, గట్టు చివరిదాకా దించింది. అవతలి కిటికీ కింద నీళ్లు. బండి నిటారుగా నిలబడింది. ఒక్క చెరుకు గడ కూడా పక్కకి వాలలేదు. బస్సులో పిల్లలు చేతులూపుకుంటూ వెళ్లిపోయారు. ఆవిడ స్టీరింగు మీద తల ఆనించి ఒక్క నిమిషం ఏడ్చింది. పన్నెండేళ్లుగా లోపల ఉగ్గబట్టుకున్నదంతా ఆ నిమిషంలో బయటికొచ్చింది. తర్వాత ముక్కు చీదుకుని గేరు మార్చింది.

తణుకు పొలిమేరలో అరవై లారీలు వరస కట్టి ఉన్నాయి. బెడ్‌ఫర్డ్ వాటి ముందుకొచ్చి నిలబడగానే డప్పులు మోగాయి. కండువా వేసుకున్న గణేష్‌బాబు పరిగెత్తుకొచ్చి డ్రైవరు వైపు తలుపు తీశాడు.

"శభాష్ అండి! ఒప్పుకున్నాం. ఇంక దిగండమ్మా, ఇక్కణ్ణుంచి వేదిక దాకా నేను తెస్తాను. ముఖ్య అతిథిగారు ఫొటోకి నిలబడి ఉన్నారు. మీరు కారులో రండి, ఆడవాళ్లకి ముందు వరసలో కుర్చీలు వేయించాం."

సంపూర్ణమ్మ దిగలేదు. ఇంజను ఆపలేదు. బ్రేకు మీంచి కాలు తియ్యలేదు.

"మీరు వేదిక దాకా బండిలో రావాలాండి?" అంది, చాలా మెల్లగా.

"అవునండి. సెక్రటరీని కదండీ."

"తప్పకుండా రండి. ఆ పక్క క్లీనరు సీటు ఖాళీగా ఉంది."

గణేష్‌బాబు నవ్వబోయి ఆగాడు. లోడు మీంచి అబ్రహాము కిందికి చూస్తున్నాడు. వెనకనున్న లారీవాడు హారన్ కొట్టాడు. ఇంకొకడు కొట్టాడు. కాసేపటికి అరవై లారీలూ కొట్టడం మొదలుపెట్టాయి. మైకులో ఎవరో "సెక్రటరీగారు ఎక్కడున్నా వెంటనే..." అంటున్నారు. గణేష్‌బాబు ఆవిడ మొహం వంక చూశాడు. అక్కడ బేరానికి చోటు లేదని అర్థమైంది. కండువా సర్దుకుని, బండి ముందు నుంచి చుట్టూ తిరిగి వెళ్లి, అవతలి తలుపు తీసుకుని ఎక్కాడు.

ఎదురుగా ఉన్న స్వాగత ద్వారం ఇరుకు. అటు జానెడు, ఇటు జానెడు చోటుంది. అయినా బండి కదలలేదు.

"పోనివ్వండమ్మా," అన్నాడు గణేష్‌బాబు.

"ఎడమ పక్క నాకు కనపడదండి. క్లీనరు తల బయటికి పెట్టి, తలుపు మీద కొట్టి చెప్పాలి. చెప్పకపోతే డ్రైవరు కదలదు."

కొత్త లాల్చీ, జేబుకి సంఘం బ్యాడ్జీ. గణేష్‌బాబు కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి, తలుపు మీద అరచేత్తో మెల్లగా కొట్టాడు.

"రానీ... రానీ..."

"వినపడట్లేదండి."

"రానీ! రానీ! రైట్!" అని గణేష్‌బాబు తలుపు దద్దరిల్లేలా కొట్టాడు. అప్పుడు సంపూర్ణమ్మ గేరు వేసింది.